అంటు గులాబీలో వేరుమూలపు పిలకలు

ఏలూరు, తాడేపల్లిగూడెం పెరళ్లలో గులాబీల మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కొన్నప్పుడు అరచేతి వెడల్పు ఎర్ర పువ్వులు పూసిన మొక్క, రెండేళ్లు తిరిగేసరికి పువ్వే మారిపోయిందని. లేదా పూత పూర్తిగా మానేసి, సన్నటి పచ్చ కొమ్మలతో మనిషెత్తు పెరిగిపోతోందని. నేల మార్పు వల్ల రంగు తిరిగిందని కొందరు సరిపెట్టుకుంటారు. నర్సరీవాడు మోసం చేశాడని ఇంకొందరు తిట్టుకుంటారు. చాలాసార్లు రెండూ నిజం కావు. గులాబీ రంగు మార్చుకోలేదు. కొన్న మొక్క చచ్చిపోయింది, దాని కింద ఉన్న ఇంకో మొక్క బతికింది.

అంటు గులాబీ అంటే ఒకే వేళ్ల మీద నడిచే రెండు మొక్కలు. వేళ్లూ మొదలూ ఇచ్చేది వేరుమూలం. దాని మీద కట్టగా మనం కోరిన పువ్వు పూసేది సయాన్. రెండూ అతుక్కున్నచోట కాండం కొంచెం ఉబ్బి, వంకర తిరిగి కనిపిస్తుంది. అదే అంటు ముడి. ముడికి దిగువన కాండం మీద గానీ, మట్టిలోని వేరు మీద గానీ పుట్టే కొమ్మను వేరుమూలపు పిలక అంటారు. అది వేరుమూలం జాతి ఆకులే వేస్తుంది, ఆ జాతి పువ్వులే పూస్తుంది. ఎన్నాళ్లు పెంచినా పై మొక్క గుణం దానికి రాదు.

రెండు మొక్కలు ఎందుకు?

పెద్ద పువ్వుల హైబ్రిడ్ టీ గులాబీల వంశం 1867లో ఫ్రాన్సులో గిలో ప్రవేశపెట్టిన 'లా ఫ్రాన్స్'తో మొదలైందని చెప్పడం పరిపాటి. పువ్వు అందం కోసం ఎంచుకుంటూ వచ్చిన ఈ రకాల్లో చాలావాటికి సొంత వేళ్లు బలంగా ఉండవు. కొమ్మ ముక్క నాటితే కొన్ని వేళ్లూనవు, ఊనినవి నిలదొక్కుకోవడానికి చాలాకాలం తీసుకుంటాయి. గట్టి వేళ్లున్న అడవి గులాబీ మీద ఒక్క కన్ను ఎక్కిస్తే పని త్వరగా అవుతుంది. పైగా ఒక్క కొమ్మ నుంచి ఎన్ని కళ్లు తీయగలిగితే అన్ని మొక్కలు. నర్సరీ లెక్కలో ఇదే పెద్ద లాభం.

గోదావరికి ఆవల, రాజమహేంద్రవరం పక్కనున్న కడియం, కడియపులంక, బుర్రిలంక ఊళ్లు ఈ ప్రాంతపు మొక్కల సంత. ఏలూరు వీధుల్లో బండి మీద వచ్చే గులాబీ కుండీలకైనా, తాడేపల్లిగూడెం రోడ్డుపక్క నర్సరీలకైనా సరుకు ఎక్కువగా అటు నుంచే వస్తుంది. అందులో అక్కడే కట్టిన అంట్లూ ఉంటాయి, ఇతర రాష్ట్రాల నుంచి తెప్పించినవీ ఉంటాయి. ఏ మొక్క కింద ఏ వేరుమూలం ఉందో చీటీ మీద రాసే అలవాటు మాత్రం లేదు.

మన దేశంలో వాడే వేరుమూలాలు కొన్నే. ఉత్తరాది మైదానాల్లో రోజా ఇండికా ఒడొరాటా ఎక్కువ. దక్షిణాదిన, తూర్పున రోజా మల్టీఫ్లోరా, అందులోనూ ముళ్లు లేని రకం ప్రసిద్ధం. సువాసన కోసం కూడా పెంచే ఎడ్వర్డ్ గులాబీని కొన్నిచోట్ల వేరుమూలంగా వాడతారు. పాలీహౌసుల్లో కోతపూల కోసం వేసే మొక్కల కింద దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నాటల్ బ్రయర్ ఉంటుంది.

కట్టే పద్ధతి చూస్తే పిలకల పుట్టుక సగం అర్థమవుతుంది. పెన్సిలు లావు వేరుమూలపు కొమ్మను జానెడు ముక్కలుగా కోసి నాటుతారు. వేళ్లూని కాండం తగిన లావెక్కాక, మట్టికి కాస్త పైన బెరడు మీద టి ఆకారంలో గాటు పెట్టి, బెరడును రెండు రెక్కలుగా విప్పి, కావలసిన రకం నుంచి డాలు ఆకారంలో చెక్కిన కన్నును లోపలికి జారుస్తారు. పాలిథిన్ పట్టీతో బిగించి కడతారు. మూడు నాలుగు వారాల్లో కన్ను అతుక్కుంటుంది. అది చిగురించాక పైనున్న వేరుమూలపు కొమ్మను కోసేస్తారు.

ఇందులో బయటికి కనిపించని పని ఒకటుంది. ముక్క నాటే ముందే మట్టిలోకి వెళ్లే భాగంలోని కళ్లన్నింటినీ కత్తితో చెక్కేయాలి. గులాబీ కొమ్మ మీద ప్రతి ఆకు మొదట్లోనూ ఒక కన్ను ఉంటుంది. చెక్కకుండా వదిలిన కన్ను మట్టిలో నిద్రపోతుంది, చచ్చిపోదు. రోజుకు వందల ముక్కలు నాటే చోట ఈ పని తొందరలో జారిపోవడం సహజమే. ఆ తొందర ఫలితం రెండేళ్ల తర్వాత కొన్నవారి పెరట్లో బయటపడుతుంది.

నిద్రలేపేది ఏమిటి?

కొమ్మ చివరి చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ దిగువ కళ్లను అణచిపెట్టి ఉంచుతుంది. వేళ్ల నుంచి పైకి వచ్చే సైటోకైనిన్ అందుకు విరుద్ధంగా వాటిని లేవమంటుంది. పై మొక్క బలంగా పెరుగుతున్నంతకాలం ఆక్సినుదే పైచేయి. పై మొక్క నీరసించిందా, కింది కళ్లు లేస్తాయి. కాబట్టి పిలక చాలాసార్లు జబ్బు కాదు, ముడికి పైన ఏదో తేడా వచ్చిందని చెప్పే తొలి వార్త.

ఆ తేడాల్లో మన వాతావరణంలో ముందు చెప్పవలసింది ఎండుకొమ్మ తెగులు. నర్సరీల్లో దీన్ని ఇంగ్లీషు పేరుతో డైబ్యాక్ అంటారు. కత్తిరించిన కొన దగ్గర శిలీంధ్రం ప్రవేశించి, కొమ్మను నల్లగా ఎండబెడుతూ కిందికి దిగుతుంది. ముడి దాకా దిగితే సయాన్ పని అయిపోయినట్టే. వేరుమూలానికి ఏమీ కాదు. నెల తిరగకుండా కింద నుంచి పచ్చగా, హుషారుగా నాలుగు కొమ్మలు లేస్తాయి. ఇంట్లోవాళ్లు మొక్క బతికిందని సంతోషిస్తారు. పువ్వు మారిందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలా మొదలైనవే.

రెండో కారణం మనిషి చెయ్యి. పాదులో గడ్డి పెరిగిందని పలుగుతో లోతుగా గొప్పు తవ్వితే మట్టి పైపొరలోని వేళ్లు తెగుతాయి. తెగినచోట మానే కణజాలంలోంచి కొత్త కన్నే పుట్టుకొస్తుంది. అంటే నర్సరీలో కళ్లన్నీ శుభ్రంగా చెక్కిన మొక్కకు కూడా వేరు గాయం నుంచి పిలక రావచ్చు. అలాంటిది మొదలుకు అడుగు దూరంలో లేస్తుంది. దాన్ని ఎక్కడి నుంచో విత్తనం పడి మొలిచిన గులాబీ అనుకుని ముచ్చటపడి పెంచినవారూ ఉన్నారు.

ఇంకొకటి చిన్నదిగా కనిపించే పాలిథిన్ పట్టీ. అంటు కట్టినప్పటి పట్టీని విప్పకుండా అమ్మేసిన మొక్కల్లో, కాండం లావెక్కుతున్నకొద్దీ అది బెరడులోకి కోసుకుపోతుంది. పై నుంచి ఆహారం, ఆక్సిన్ కిందికి దిగవు, కింద పిలకలు లేస్తాయి. కొన్న రోజే ముడి దగ్గర వేలు పెట్టి తడిమి, పట్టీ ఉంటే బ్లేడుతో నిలువుగా కోసి తీసేయడం మంచిది.

పోల్చుకోవడం

అయిదాకులైతే మంచి కొమ్మ, ఏడాకులైతే పిలక అని ఒక లెక్క చాలా ఇళ్లలో ప్రచారంలో ఉంది. దీన్ని నమ్మితే నష్టమే. ఆరోగ్యంగా ఉన్న హైబ్రిడ్ టీ కొమ్మ మీద ఏడేసి చిట్టాకులు రావడం మామూలే. మరోపక్క ఒడొరాటా పిలక మీద అయిదే ఉండవచ్చు. ఆకులు లెక్కపెట్టి కత్తెర వేసినవారు మంచి కొమ్మలు పోగొట్టుకున్న సందర్భాలు పిలకలు తీసిన సందర్భాలకు తక్కువేమీ కాదు.

మల్టీఫ్లోరాను పట్టుకోవడానికి మాత్రం ఒక మంచి గుర్తుంది. ఆకు కాడ కాండాన్ని కలిసేచోట రెండు పక్కలా చిన్న పచ్చటి రెక్కల్లాంటివి ఉంటాయి. మామూలు తోట గులాబీల్లో వీటి అంచు దాదాపు నున్నగా ఉంటుంది. మల్టీఫ్లోరాలో దువ్వెన పళ్లలా చీలికలు చీలికలుగా ఉంటుంది. ఆకుకు ఏడు నుంచి తొమ్మిది చిట్టాకులు, లేత పచ్చ రంగు, తరచూ ముళ్లు లేని కొమ్మ కూడా తోడైతే సందేహం దాదాపు తీరుతుంది. దాదాపు అనడానికి కారణం, మల్టీఫ్లోరా సంకరాలైన గుత్తిపూల రకాల్లోనూ ఆ చీలికలు కనిపిస్తాయి. మల్టీఫ్లోరా ఏడాదికి ఒక్క విడతే గుత్తులుగా చిన్న తెల్లపూలు పూస్తుంది. పువ్వు కోసం ఆగి నిర్ధారించుకుందామంటే అప్పటికి పిలక మొక్కనంతా ఆక్రమించుకుంటుంది.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే. మట్టి తీసి, కొమ్మ ఎక్కడి నుంచి పుట్టిందో చూడాలి. ముడి నుంచి గానీ, దాని పైన గానీ పుట్టిందంటే అది మన కొమ్మ. అలా మొదట్లోంచి లావుగా, ముదురు ఎరుపు చిగురుతో దూసుకొచ్చే కొమ్మలే వచ్చే రెండు మూడేళ్లకు మొక్కకు కొత్త చట్రం. వాటిని పిలకలనుకుని కోసేయడం పెరటి గులాబీకి చేయగల పెద్ద అపచారం.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. నాటినప్పుడు ముడి మట్టిలో లోతుగా కూరుకుపోతే, ముడి పైభాగం నుంచి సయాన్ కూడా సొంతంగా వేళ్లు వేసుకోవచ్చు. అప్పుడు నేలలోంచి లేచే ప్రతి కొమ్మా పిలక కానక్కరలేదు. తవ్వి చూడనిదే తేలదు. నాటు గులాబీలు, గాలి అంటుతోనో కొమ్మ ముక్కతోనో పెంచిన మొక్కల సంగతి వేరు. వాటికి వేరుమూలమే లేదు, ఎక్కడ లేచినా అసలు కొమ్మే.

తీయడం

పిలకను నేల మట్టానికి కత్తెరతో కోయడం అందరూ చేసే పని, పనికిరాని పని కూడా. దాని మొదట్లో, మట్టిలో ఉండిపోయిన అంగుళం ముక్క చుట్టూ చిన్న కళ్లు వలయంగా ఉంటాయి. గోరింట కంచెను కత్తిరిస్తే గుబురు కట్టినట్టు, ఒక్క పిలక కోసినచోట మూడో నాలుగో లేస్తాయి.

పెరికివేయడమే పద్ధతి. నేల పదునుగా ఉన్న రోజు ఎంచుకోవాలి. మరీ తడిలో నల్లమట్టి చేతికి అంటుకుంటుంది, ఎండినప్పుడు రాయిలా ఉంటుంది. బొరిగెతో, వెదురు పుల్లతో పిలక వెంట మట్టి తొలగించుకుంటూ అది పుట్టిన చోటి దాకా వెళ్లాలి. మందమైన చేతితొడుగు వేసుకుని, పిలకను మొదలుకంటా పట్టి, కిందికీ బయటికీ ఒక్క గుంజు గుంజాలి. అడుగున చిన్న మడమతో సహా ఊడివస్తే ఆ కళ్లన్నీ దానితోపాటే వచ్చినట్టు. ఆ గాయాన్ని కాసేపు ఆరనిచ్చి మట్టి కప్పవచ్చు. పిలక జానెడు దాటకముందే ఈ పని చేస్తే రెండు వేళ్ల బలం చాలు.

ముదిరి చెక్కబారిన పిలకను గుంజితే వేరే చీలిపోతుంది. దాన్ని పదునైన కత్తితో వేరుకు సమానంగా, మొదట్లోని ఉబ్బును కూడా చెక్కేసేలా కోయాలి. కొత్తగా నాటిన, వేళ్లు పట్టని మొక్కకు కూడా ఇదే మేలు, గుంజితే మొక్కే కదిలిపోతుంది. పెద్ద గాయానికి బోర్డో పేస్టు పూస్తారు. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా నీళ్లలో కరిగించి కలిపి, మొత్తం నీరు లీటరుకు సరిపెడితే పెరటికి కావలసినంత తయారవుతుంది. ప్లాస్టిక్ బకెట్టో మట్టి పాత్రో వాడాలి, ఇనుప పాత్ర పనికిరాదు. కత్తిరింపుల తర్వాత కొమ్మ కొనలకు ఇదే పేస్టు పెడితే ఎండుకొమ్మ తెగులు కూడా చాలావరకు ఆగుతుంది.

పిలక మీద కలుపు మందు కొట్టేద్దామనే ఆలోచన వరి చేలున్న ఊళ్లలో తేలిగ్గా వస్తుంది. గ్లైఫోసేట్ ఆకు నుంచి వేళ్లకు దిగే మందు. పిలక, పై మొక్క ఒకే వేళ్లను పంచుకుంటాయి కాబట్టి మొత్తం మొక్కకే ముప్పు. ఇది ఎంతమాత్రం చేయకూడని పని.

కుండీల్లో పిలకలు గోడ వెంట చుట్టు తిరిగి లేస్తాయి. మట్టి మార్చేటప్పుడు మొక్కను కుండీలోంచి తీస్తారు కాబట్టి అదే వాటిని మొదలంటా చూసి తీయడానికి అనువైన సమయం. పొడవాటి కాండం మీద గొడుగులా పూసే చెట్టు గులాబీల్లో అంటు పైన, తలకాయ దగ్గర ఉంటుంది. అందువల్ల కింది కాండమంతా వేరుమూలం కావచ్చు. దాని మీద కన్ను ఉబ్బినప్పుడే బొటనవేలితో రుద్దేస్తే సరిపోతుంది.

కొల్లేటి నల్లమట్టి, మెట్ట ఎర్రమట్టి

ఈ ప్రాంతంలో పదీ పదిహేను మైళ్లలో నేల మారిపోతుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెం నుంచి ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం వైపు ఎర్ర నేలలు. నీరు నిలవదు, గులాబీ వేరుకు గాలి ఆడుతుంది. ఏలూరుకు దక్షిణంగా కొల్లేటి వైపు దిగితే బరువైన నల్ల బంకమట్టి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు దిగుతాయి. మిగులు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరింది ఇక్కడికే. పాదులో రోజుల తరబడి నీళ్లు నిలిస్తే గులాబీ వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. నీరు తీశాక పై కొమ్మలు ఎండి, మిగిలిన వేరు ముక్క నుంచి పిలకలు రావడం అటువంటి చోట్ల ఊహించవలసిందే.

ఉప్పు ఇంకో బెడద. ఉప్పుటేరు వెంట, కైకలూరు, ఆకివీడు వైపు చాలా ఊళ్లలో భూగర్భ జలం ఉప్పన. ఆ బోరు నీళ్లు పోస్తే ముందు ఆకు అంచులు మాడతాయి, తర్వాత పై కొమ్మలు నీరసిస్తాయి, ఆ వెనకే కింద పిలకలు. ఇక్కడ పిలక పెరికి లాభం లేదు, నీళ్లు మార్చాలి. కాలువ నీరో వాన నీరో దొరకని ఇంట్లో కుండీ గులాబీలతోనే సరిపెట్టుకోవడం తెలివైన పని.

నల్లమట్టిలో నాటేవారు పాదు గుంటగా కాక ఎత్తుగా, మట్టి దిబ్బలా చేసుకోవాలి. అందులో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. అంటు ముడి నేలకు రెండు మూడు అంగుళాల పైన ఉండాలి. ముడిని మట్టిలో పూడ్చాలని చెప్పే పుస్తకాలు, వీడియోలు మంచు కురిసే దేశాలవి. అక్కడ ముడి గడ్డకట్టి చావకుండా పూడుస్తారు. మన దగ్గర పూడిస్తే కుళ్లు, పైగా పిలక ఏదో కొమ్మ ఏదో తెలియని తికమక. వరిగడ్డి, కొబ్బరి పొట్టు పరిచి కలుపు రానీయకుండా చూసుకుంటే పలుగు అవసరం తగ్గుతుంది, వేరు తెగదు. పరిచినదాన్ని ముడికి ఆనించకూడదు.

వేరే దేశాల్లో, వేరే పంటల్లో

ఈ తంటా ప్రపంచమంతా ఉన్నదే, వేరుమూలం పేరే మారుతుంది. అమెరికాలో తోట గులాబీల కింద చాలాకాలంగా ఉన్నది డాక్టర్ హ్యూయీ. కెప్టెన్ జార్జ్ థామస్ 1914లో సృష్టించి, ఫిలడెల్ఫియా దంతవైద్యుడు రాబర్ట్ హ్యూయీ పేరు పెట్టిన తీగ గులాబీ అది. ముదురు ఎరుపు పువ్వు. కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో తెలుగువారి పెరట్లో పసుపు గులాబీ ఒక వసంతంలో ముదురు ఎర్రగా పూసిందంటే, చాలావరకు పూసింది డాక్టర్ హ్యూయీయే. ఫ్లోరిడా ఇసుక నేలల్లో రోజా ఫార్చూనియానా వాడతారు, బ్రిటన్‌లో లాక్సా. మల్టీఫ్లోరా కథ ఇంకా విచిత్రం. తూర్పు ఆసియాకు చెందిన ఈ మొక్కను అమెరికా ప్రభుత్వమే 1930ల నుంచి నేలకోతను ఆపడానికి, కంచెలకు ప్రోత్సహించింది. అది పొలాలను, పచ్చికబయళ్లను కమ్మేసి, తర్వాత చాలా రాష్ట్రాల్లో హానికర కలుపుగా ప్రకటించేదాకా వెళ్లింది. పెరట్లో ఒక్క పిలకను ముచ్చటకని వదిలేసేవారు ఆ మొక్క బలం ఎంతటిదో గుర్తుంచుకోవాలి.

ఏలూరు జిల్లా రైతుకు పిలకల సంగతి కొత్తది కాదు. నూజివీడు మామిడి తోటల్లో కొత్తగా నాటిన అంట్లకు మొదటి ఏళ్లలో ముడి కింద టెంక మొక్క చిగుళ్లు తీసేస్తూ ఉండాలి. లేకపోతే బంగినపల్లి బదులు నాటు మామిడి చెట్టవుతుంది. జంబేరి, రంగపూర్ నిమ్మ మీద కట్టిన బత్తాయిలోనూ అంతే. తోటలో ఈ జాగ్రత్త తప్పక తీసుకునే మనిషే ఇంటి ముందు గులాబీ దగ్గరకు వచ్చేసరికి ఉపేక్షిస్తాడు. పండు మార్కెట్లో అమ్ముడుపోవాలి, పెరటి పువ్వుకు ఆ లెక్క లేదు, అదే తేడా కావచ్చు.

సయాన్ పూర్తిగా పోతే?

ముడి పైన పచ్చదనం ఏమీ మిగలకపోతే పిలకలు పెరికి ప్రయోజనం లేదు. మొక్కను పారేయవచ్చు, లేదా దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. బాగా పట్టిన వేళ్లున్న వేరుమూలం అంటు కట్టేవాడికి సిద్ధంగా ఉన్న సరుకు. ఒకటి రెండు మంచి పిలకలు ఉంచి మిగతావి తీసేసి, అవి పెన్సిలు లావయ్యాక చలికాలంలో పక్కింటి నచ్చిన గులాబీ నుంచి తెచ్చిన కన్నును టి గాటులో ఎక్కించవచ్చు. బెరడు కత్తి మొనకు తేలిగ్గా విడివడితేనే కట్టాలి, అంటుకుని ఉంటే ఆగాలి. చేయి తిరిగే దాకా కొన్ని కళ్లు ఎండిపోతాయి. నేర్చుకోవాలనుకునేవారికి వెంకటరామన్నగూడెం దగ్గరలోనే ఉంది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే, దానికి అనుబంధంగా కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. కన్ను అంటు కట్టడం చూపించమని అడగడానికి ఈ ప్రాంతంలో అంతకంటే తగిన చోటు లేదు.

కొత్త మొక్క కొనేవారు పువ్వు చూసి బేరమాడే ముందు కుండీ ఎత్తి ముడి చూడాలి. ముడి మట్టికి పైన ఉండాలి, పట్టీ విప్పి ఉండాలి, కింద చిగుళ్లు ఉండకూడదు. ముడి పైనుంచి కనీసం రెండు గట్టి కొమ్మలు లేచి ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో ఇప్పటికే ఉన్న మొక్కలకు వానలు తగ్గాక, అక్టోబరులో కత్తిరింపులకు కూర్చున్న రోజే సరైన సమయం. ముందు పాదులో మట్టి తీసి ముడి దాకా చూడండి, కత్తెర తర్వాత పట్టుకోండి.